పోసిన ఇసుక కింది సముద్రం

ఆ పెద్దమనిషి నన్ను మొదటిసారి చూసినప్పుడు, చేతిలో ఉన్న ఇనుప గొట్టాన్ని కింద పెట్టడం మరిచిపోయాడు. బహ్రెయిన్‌లోని అమ్వాజ్ దీవుల్లో కొత్తగా లేవబోయే అపార్టుమెంట్ల కోసం నేలలోకి బోరు దింపి మట్టి నమూనాలు తీస్తున్నాం. ఆయన డ్రిల్లింగ్ ముఠాలో మనిషి. నేను ఆ మట్టిని పరీక్షించే ల్యాబు నుంచి ఆ సైటుకు కొత్తగా వచ్చినవాణ్ణి. యంత్రం ఆగింది. గొట్టంలోంచి బురదనీళ్ళు ఆయన బూట్ల మీదికి కారుతున్నాయి. ఆయన అది గమనించకుండా నా మొహంలోకే చూస్తూ, "అన్నా, నువ్వా?" అన్నాడు.

ఆయనకు యాభై దాటి ఉంటాయి. నాకు ముప్ఫై నిండి ఎంతో కాలం కాలేదు. ఎవరో అనుకున్నాడని నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఏ ఊరు మీది?"

జగిత్యాల వైపని చెప్పాను.

"మీ బాపు ఈడ పని జేసిండా?"

చేశాడనీ, ఇక్కడే చనిపోయాడనీ చెప్పాను. ఆయన గొట్టాన్ని మెల్లగా ఇసుక మీద పడుకోబెట్టాడు. సూపర్‌వైజర్ "యల్లా, యల్లా" అని చప్పట్లు కొట్టాక గాని కదల్లేదు. ఆ రోజంతా మళ్ళీ నాతో మాట్లాడలేదు. నేను ఎటు తిరిగినా ఆ చూపు నా వీపు మీద ఉన్నట్టే అనిపించింది.

మా వైపు గల్ఫ్ దేశాలన్నిటినీ కలిపి దుబాయి అనేస్తారు. మస్కట్ పోయినవాడూ, సౌదీ పోయినవాడూ దుబాయి పోయినట్టే. మా అమ్మ ఒక్కతే బహ్రెయిన్‌ను బహ్రెయిన్ అని పలికేది. నా ఎనిమిదో ఏట అక్కణ్ణుంచి పెట్టె వచ్చింది. బాపు గుండె ఆగి చనిపోయాడని చెప్పారు. పెట్టె తెరవొద్దని చెప్పి పంపారట. మేనమామ ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. మొహం చూడకుండానే అమ్మ అన్నీ జరిపించింది. జరిపించింది గాని ఒప్పుకోలేదు. ఏటా పోయిన పెద్దలను తలుచుకునే పెత్రమాస నాడు మా ఇంట్లో తాత పేరు మీద, నానమ్మ పేరు మీద బియ్యం, కూరగాయలు పళ్ళెంలో పెట్టి ఇచ్చేవాళ్ళం. బాపు పేరు మీద అమ్మ ఇవ్వనిచ్చేది కాదు. ఎవరైనా అడిగితే, "వచ్చే మనిషికి బియ్యం ఎట్ల ఇస్తరు?" అనేది. కోపంగా కాదు, తెలియక అడిగినట్టే అనేది.

పెట్టెతోపాటు బాపు సూట్‌కేసూ వచ్చింది. అందులో పనిబట్టలు ఉతకకుండానే పెట్టి పంపారు. వాటికి ఒక వాసన ఉండేది. మురిగిన కోడిగుడ్డు, ఉప్పునీళ్ళు, తుప్పుపట్టిన ఇనుము కలిస్తే ఎలా ఉంటుందో అలా. అమ్మ వాటిని ఉతకకుండా సందూకు పెట్టెలో దాచింది. సందూకు తెరిచినప్పుడల్లా ఆ వాసన ఇల్లంతా తిరిగి, మెల్లగా పోయేది.

ఎమ్మెస్సీలో ఉండగా మమ్మల్ని సముద్రతీరానికి తీసుకెళ్ళారు. ఉప్పుటేరు ఒడ్డున బురదలోకి ప్లాస్టిక్ గొట్టం దింపి పైకి లాగాం. నల్లటి బురద బయటపడగానే ఆ వాసన వచ్చింది. నేను అక్కడే కూర్చుండిపోయాను. ఎండదెబ్బ అనుకుని మాస్టారు నీళ్ళు తాగించారు. ఆక్సిజన్ చేరని బురదలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాసన అదని తర్వాత పాఠంలో చెప్పారు. పేరు తెలిసినంత మాత్రాన అది నన్ను వదల్లేదు. డాక్టరేట్‌కు ఆ బురదనే ఎంచుకున్నాను. సముద్రపు బురదలో ఇసుకరేణువంత గవ్వలుంటాయి. ఒకే కణంతో బతికి పోయిన జీవుల గూళ్ళు అవి. వాటిని ఏరి, సూక్ష్మదర్శిని కింద చూసి, ఆ సముద్రం ఒకప్పుడు ఎలా ఉండేదో చెప్పడం నా పని. ఎందుకు ఎంచుకున్నావని అడిగినవాళ్ళకు అందులో మంచి ప్రశ్నలున్నాయని జవాబిచ్చేవాణ్ణి. అదీ నిజమే.

డాక్టరేట్ వచ్చాక కాలేజీలో కాంట్రాక్టు పాఠాలు కొన్నాళ్ళు నడిచి ఆగిపోయాయి. మట్టి పరీక్షల ల్యాబులో ఉద్యోగం ఉందని తెలిసి దరఖాస్తు పెట్టాను. అది బహ్రెయిన్‌లో అని చెప్పినప్పుడు అమ్మ చేటలో బియ్యం చెరుగుతూ ఉంది.

"దుబాయిల ఇంక జాగలే లేవా?" అంది. ఆ ఒక్కసారే ఆమె అన్నిటినీ కలిపి దుబాయి అనడం విన్నాను. నేను బయలుదేరే రోజు దాకా ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఇక్కడికి వచ్చిన నాటి నుంచీ నా కళ్ళు స్వీడన్ మీద ఉన్నాయి. బాల్టిక్ సముద్రపు అడుగుమట్టి మీద అక్కడి యూనివర్సిటీల్లో ఏళ్ళ తరబడి పని జరుగుతోంది. డాక్టరేట్ తర్వాత చేసే పరిశోధన, పోస్ట్‌డాక్ అంటే అక్కడ చాలావరకు విద్యార్థి వేతనం కాదు, రెండేళ్ళకు సరిపడా ఉద్యోగం. ఎవరి దయా అక్కర్లేదు, ప్రకటన పడ్డప్పుడు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాకపోతే డాక్టరేట్ వచ్చి మూడేళ్ళు దాటనివాళ్ళను ముందు చూస్తారు. నా మూడేళ్ళు ఈ ఎండలో కరిగిపోతున్నాయి. మధ్యాహ్నం అందరూ భోజనానికి పోయినప్పుడు, మట్టి ఆరబెట్టే ఓవెన్ పక్కన కూర్చుని నా పరిశోధన ఆలోచనను రెండు పేజీల్లోకి కుదించేవాణ్ణి.

ఒకచోట చివరిదాకా వెళ్ళి రెండోవాడిగా మిగిలాను. అక్కడి పద్ధతులు మనలా గుట్టుగా ఉండవు. ఎవరిని ఎందుకు తీసుకున్నారో అడిగితే పంపిస్తారు. నా గురించి పరీక్షకుడు రాసిన రెండు ముక్కలు చదువుకున్నాను. పద్ధతి బాగా తెలిసినవాడు, కానీ అడుగుతున్న ప్రశ్న తనది కాదు అన్నది దాని సారాంశం. అది చదివిన వారంలోనే ఆ పెద్దమనిషి నన్ను అన్నా అని పిలిచాడు.

తర్వాతి శుక్రవారం ఆయనే ఫోన్ చేసి నువైద్రాత్‌లోని తన గదికి రమ్మన్నాడు. నేను అప్పటికే ఆయన్ను చిన్నాన్న వరసన కాకా అనడం మొదలుపెట్టాను. గదిలో నలుగురుంటారు. పొద్దున్నే బగారన్నం, కోడికూర వండి పెట్టారు. నేను గడప దాటగానే మాటలు ఆగాయి. మూలన కూర్చున్న ఒకాయన పళ్ళెం పక్కన పెట్టి, చేయి కడుక్కోకుండానే లేచి బయటికి వెళ్ళి మెట్ల దగ్గర నిలబడ్డాడు.

"ఆయనెందుకు పోయిండు కాకా?"

"నిన్ను సూడలేక. ఆయన, మీ బాపు ఒక్క రూముల ఉండేటోళ్ళు. ఏమనుకోకు. తిను."

నేను తిన్నాను. వాళ్ళు నేను ముద్ద కలపడం చూశారు. నీళ్ళ గ్లాసు ఎత్తడం చూశారు. ఒకాయన మెల్లగా, "చెయ్యి గూడ గదే," అన్నాడు. బతికున్న నన్ను దాటి నా వెనక ఇంకెవరినో చూస్తున్నారనిపించి, తల తిప్పి గోడ వైపు చూశాను. గోడకు ఆరేసిన తువ్వాలు తప్ప ఏమీ లేదు.

తిన్నాక కాకా నన్ను గలాలీలో సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్ళాడు. ఆటు వచ్చి నీళ్ళు బాగా వెనక్కి పోయాయి. పడవలు బురదలో ఒరిగి ఉన్నాయి. అవతల అమ్వాజ్ భవనాలు తెల్లగా కనిపిస్తున్నాయి. రాతిగట్టు మీద కూర్చున్నాక నేను ఏమీ అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

"అప్పుడు గదంత సముద్రమే. దూరంగ ఓడ నిలవడి సముద్రం అడుగుకెల్లి ఇసుకను నీళ్ళతోని కలిపి గుంజేది. ఇంత లావు పైపుల పంపేది. పైపు మూతికాడ మా డ్యూటీ. ఇసుక కుప్ప అయితాంటే పైపును జరుపుకుంట పోవాలె. పోసిన ఇసుక పైకి గట్టిగనే కనవడ్తది. లోపట అంబలి లెక్క ఉంటది."

"బాపు పైపుకాడికి పోయిండా?"

"పొద్దుగాల. జరుపుదామని పోయిండు. మోకాళ్ళ దాక దిగవడ్డడు. నవ్విండు. మేం గూడ నవ్వినం. దినాం ఎవడో ఒకడు దిగుడే గద. నడుము దాక దిగినంక నవ్వుడు ఆపిండు."

నేను బురదలో నడుస్తున్న పక్షులను చూస్తున్నాను.

"తాడేసినం. పట్టుకున్నడు. పైపు బందు జెయ్యుమని మొత్తుకున్నం. బందు జేసేటోడు ఓడ మీద ఉన్నడు. ఆనికి ఇనవడేసరికి ఇసుక వస్తనే ఉన్నది. తాడు పట్టుకొనే ఉన్నడు బిడ్డా. లోపటికి పోయినంక గూడ తాడు గట్టిగనే ఉండె కొంచెంసేపు."

చిన్నప్పటి నుంచీ గుండె ఆగడాన్ని ఊహించుకున్నాను. మంచం మీద, నిద్రలో. ఎవరూ చెప్పకపోయినా నేను బాపును మంచం మీద పడుకోబెట్టాను.

"మరి గుండె ఆగిందని..."

"కాగితంల గట్లనే రాసిన్రు. గుండె ఆగింది నిజమే. ఎందుకాగిందో రాయలే. మమ్ములను వేరే సైటుకు మార్చిన్రు."

మా అమ్మ జీవితమంతా అడిగిన ప్రశ్న నా నోటి నుంచి వచ్చింది. "ఆ పెట్టెల పంపింది బాపునేనా కాకా?"

ఆయన నావైపు తిరిగాడు. ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారని ఎన్నడూ అనుకోనట్టున్నాడు.

"తెల్లారి దొరికిండు. నేనే మొకం కడిగిన. చెవులల్ల ఇసుక, ముక్కుల ఇసుక. ఎంత కడిగినా వస్తనే ఉండె. ఆయనే బిడ్డా. ఇంకెవలు?"

ఇన్నేళ్ళు ఇక్కడే ఎందుకున్నావని అడిగాను. ఖలాస్ అనుకుని రెండుసార్లు ఇంటికి వెళ్ళిపోయాడట. అక్కడ నిద్ర పట్టలేదట. మళ్ళీ వచ్చి, ఎన్నో పనులు మారి, చివరికి బోర్ల పనిలో చేరాడు. "గొట్టం కిందికి దిగుతాంటే కింద ఎవలో పట్టుకున్నట్టు అయితది. ఇడిచిపెట్టినట్టు అయితది. మిషిను గుణం అంటరు. నాకు తెలుసు మిషిను గుణమని," అన్నాడు.

అమ్వాజ్ సైటులో మిగిలిన బోర్ల నమూనాలు ఆ నెలంతా నా బల్ల మీదికే వచ్చాయి. పైన పోసిన ఇసుక. దాని కింద, ఒక గీత గీసినట్టు, అసలు సముద్రపు అడుగు. నల్లగా, సముద్రగడ్డి పీచులతో, ఆ వాసనతో. ఆ వాసన ల్యాబులో ఎవరికీ కొత్త కాదు. నేను మాత్రం కిటికీ తెరిచి వచ్చేవాణ్ణి.

అసలు అడుగులోని గవ్వలు వరసగా ఉండేవి. కింద పాతవి, పైన కొత్తవి. పోసిన ఇసుకలో అలా కాదు. ఎన్నో వందల ఏళ్ళు ఒక్క పైపులోంచి ఒకేసారి వచ్చి పడ్డాయి. అందులో దేనికి వయసు చెప్పాలన్నా కుదరదు. ఒకనాడు జల్లెడ మీద నీళ్ళు పోస్తుంటే ఒక నీలం పోగు తేలింది. వేలి గోరంత పొడవు. సూక్ష్మదర్శిని కింద పెట్టాను. నైలాను కావచ్చు, తాడుది కావచ్చు, వలది కావచ్చు, చొక్కాది కావచ్చు. సముద్రపు ఇసుకలో పోగు దొరకడం వింతేమీ కాదు. అయినా దాన్ని చాలాసేపు చూశాను. తర్వాత పట్టకారుతో తీసి మళ్ళీ అదే నమూనా సంచిలో వేసి మూతి కట్టాను. దొరికిందేదీ పారేయకూడదన్నది మా ల్యాబు నియమం.

అప్పుడే స్వీడన్ నుంచి ఇంకో ప్రకటన పడింది. సముద్రం అడుగున ఊపిరాడని ప్రాంతాల్లో బురద పొరల మీద పని. ఈసారి నా రెండు పేజీలు వేరేగా వచ్చాయి. మనుషులు సముద్రాన్ని తవ్వి వేరేచోట పోసినప్పుడు, ఆ పోసిన దాని కింద ఊపిరి ఆగిన అడుగు ఏమవుతుంది, తన పొరలను ఎంతకాలం కాపాడుకుంటుంది అని రాశాను. రాసి పంపాక గాని, ఆ ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తట్టలేదు.

ఇంటర్వ్యూ వీడియోలో. నమూనాల గోదాములో, చెక్కపెట్టెల అరల మధ్య కూర్చుని మాట్లాడాను. అటువైపు నెరిసిన జుట్టు ప్రొఫెసరమ్మ, పక్కన ఆమె సహోద్యోగి. మొదటి మాటలోనే తనను పేరుతో పిలవమంది. నాకు అందుకు నోరు రాలేదు. పద్ధతుల గురించి అడిగారు, చెప్పాను. తర్వాత ఆమె, "బాల్టిక్‌లో జీవం లేని అడుగు మీకు ఎందుకు కావాలి? జీవం ఉన్న సముద్రాలు చాలా ఉన్నాయి కదా," అంది.

జవాబు సిద్ధంగానే ఉంది. కాని ఆ క్షణంలో తెర మూలన ఉన్న చిన్న గడిలో నా మొహం మీద నా చూపు పడింది. గోదాము దీపం కింద బుగ్గలు లోపలికి పోయి, కళ్ళ కింద నీడలు. అది నా మొహం కాదు. అమ్మ బీరువా తలుపుకు లోపల అంటించి ఉంచిన బాపు పాస్‌పోర్టు ఫొటోలోని మొహం. అది నా పెదవులతో పాటు కదలడానికి సిద్ధంగా ఉన్నట్టుంది. ఎంతసేపు ఆగిపోయానో తెలియదు. లైను తెగిందేమోనని ఆమె రెండుసార్లు పిలిచింది.

"వినిపిస్తోంది," అన్నాను. "జీవం ఉన్నచోట పురుగులు బురదను తొలుస్తాయి. ఏళ్ళు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఊపిరి లేని చోట ఎవరూ తాకరు. ఏ ఏడు పడింది ఆ ఏడుగానే ఉంటుంది. నేనిప్పుడు పనిచేసే చోట మనుషులే అన్నీ కలిపేశారు. అక్కడ ఏం జరిగిందో మట్టి చెప్పలేదు. చెప్పగల మట్టిని నేను ఒకసారైనా చదవాలి."

ఆమె ఏదో రాసుకుంది. తర్వాత బహ్రెయిన్‌లో ఎండలు ఎలా ఉన్నాయని అడిగింది.

కొన్ని వారాలకు ఉద్యోగం నాకే ఇస్తున్నట్టు కబురొచ్చింది. సంతోషం వచ్చిందా అంటే వచ్చింది. దాంతోపాటు, ఇక్కడ ఒకరిని ఒంటరిగా వదిలి పోతున్నానన్న బెంగ కూడా వచ్చింది. ఆ ఒకరు కాకా అని నన్ను నేను నమ్మించుకోవడానికి ప్రయత్నించాను.

అమ్మకు ఫోన్ చేసి ముందు స్వీడన్ సంగతి చెప్పాను.

"ఆడ సముద్రముంటదా?" అంది.

"ఉంటదమ్మా."

అప్పుడు మిగతాది చెప్పాను. పైపు గురించి, ఇసుక గురించి అన్నీ చెప్పలేదు. పనికాడ ప్రమాదమైందనీ, మొహం కడిగిన మనిషి దొరికాడనీ చెప్పాను. ఆమె ఏడవలేదు. "ఆయనతోని మాట్లాడియ్యి," అంది.

మర్నాడు మధ్యాహ్నం సైటులో, భోజనాల వేళ, ఫోన్ స్పీకర్లో పెట్టి కాకా చేతికిచ్చాను. ఆయన హెల్మెట్ తీసి పక్కన పెట్టుకున్నాడు.

"వదినా, నేను," అని ఊరుకున్నాడు.

"మొకం నువ్వే కడిగినవా?"

"నేనే వదినా."

"ఎడమ చెవి ఎన్క ఏమున్నది?"

కాకా కళ్ళు మూసుకున్నాడు. "పులిపిరి," అన్నాడు. "ఆన్నే ఇసుక ఇరికి ఉండె. గోరుతోని తీసిన."

ఫోన్లో పక్కింటి కోళ్ళ చప్పుడు వినిపించింది.

"ఏ అంగీ తొడిగిన్రు?"

"తెల్లది. నాదే, కొత్తది. ఆయనయి అన్ని తడిసి ఉండె."

"మంచిగ జేసినవు తమ్మీ," అంది అమ్మ. "అన్నం తిన్నవా?"

తినలేదని చెప్పాడు. తినమని చెప్పి ఆమె ఫోన్ పెట్టేసింది. కాకా టిఫిన్ మూత తీసి, ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

ఆ ఏడు పెత్రమాస నాడు పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది. "ఇచ్చిన," అని ఒక్క మాట చెప్పింది. ఎవరి పేరు మీద అని నేను అడగలేదు. సందూకులోని బట్టలను ఆ సాయంత్రం ఉతికి దండెం మీద ఆరేసిందని తర్వాత అమ్మ దగ్గరే ఉన్న మా చెల్లెలు చెప్పింది. నీళ్ళు ఎన్నిసార్లు మార్చినా అడుగున ఇసుక తేరుతూనే ఉందట.

స్వీడన్ నివాస అనుమతి రావడానికి సమయం పట్టింది. అది చేతికందిన వారం, నా పనిని కొత్తగా చేరిన మలయాళీ కుర్రవాడికి అప్పగించడానికి అమ్వాజ్ సైటుకు వెళ్ళాను. పునాది స్తంభాలు దిగగొడుతున్నారు. ఒక్కో దెబ్బకు కాళ్ళ కింద ఇసుక వణుకుతోంది. కాకా దూరంగా యంత్రం దగ్గర గొట్టాలు కడుగుతున్నాడు. ఇంటికి పోతావా అని ముందు రోజు అడిగితే, "చూస్త," అన్నాడు.

ఒక బోరును పూడ్చకుండా, నీటిమట్టం చూడటానికి సన్నని గొట్టం పెట్టి ఉంచాం. దానిలోకి టేపు ఎలా దింపాలో కుర్రవాడికి చూపించాను. కొస నీళ్ళకు తగలగానే కీచుమంటుంది. పొద్దున చూసినప్పటి కంటే తక్కువ లోతులోనే అరిచింది.

"ఎక్కడో పైపు లీకవుతోందా భాయ్?" అన్నాడతను.

"లేదు. బయట సముద్రం పోటు మీద ఉంది. దాంతో ఇక్కడా నీటిమట్టం పెరుగుతుంది. ఆటు వస్తే దిగుతుంది."

"ఇంత ఇసుక పోశాక కూడానా?"

అవునన్నాను. అతను వంగి గొట్టంలోకి చూశాడు. చీకటి తప్ప ఏమీ కనిపించి ఉండదు. తనంతట తాను ఇంకోసారి టేపు దింపి చూస్తానన్నాడు. నేను పక్కకు జరిగాను. టేపు ఈసారి ఇంకా పైనే కీచుమంది. మేం మాట్లాడుకున్న ఆ కాస్త సేపట్లోనే నీళ్ళు ఇంకొంచెం పైకి వచ్చాయి.